గుండుగారి చెవులు

సౌండమ్మాయికి తన చెవుల మీద ఉన్నంత నమ్మకం ఇంకే మనిషి మీదా లేదు. చిన్నప్పుడు ఇంట్లో ఏ మూల చెంచా జారిపడ్డా, అది ఏ గదిలో పడిందో, బల్ల కిందే ఆగిందో గోడవారకు దొర్లిందో కళ్ళు మూసుకుని చెప్పేది. "పాముచెవులే నీవి!" అని వాళ్ళమ్మ మురిసిపోయేది. "చెవులదేముంది, లేచి ఆ చెంచా తియ్యడానికి చేతులుండాలిగానీ" అని మేనమామ దెప్పేవాడు. ఆ చెవుల్ని నమ్ముకునే చదువుకుంది, ఆ చెవుల్ని నమ్ముకునే రికార్డింగ్ కంపెనీలో చేరింది. ఆఖరికి ఆ చెవులే ఆమె కొంప ముంచబోయాయి.

కంపెనీ అనగానే పెద్దగా ఊహించుకోకండి. పాత భవనంలో పై అంతస్తు. గోడలకు స్పాంజి అతికించిన గది ఒకటి, దాని పక్కన సారు గది, ఆ పక్కన సారు భార్య గది. ఆమెను అందరూ మేడమ్ అంటారు. సారు ‘సరే’ అన్న పని మేడమ్ ‘ఊఁ’ అంటేనే జరుగుతుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. సారుకీ తెలుసు, కానీ తెలియనట్టు హుందాగా ఉంటాడు.

సౌండమ్మాయి పని లిఫ్టులకు గొంతు ఇవ్వడం. "తలుపులు మూసుకుంటున్నాయి. దయచేసి లోపలికి జరగండి." ఇదీ ఆమె చేస్తున్న కళాసేవ. రోజూ పొద్దున్నే ఆఫీసు లిఫ్టు ఎక్కితే, నెత్తిమీద నుంచి ఆమె గొంతే ఆమెను లోపలికి జరగమంటుంది. ఎంతకాలమని జరుగుతుంది, పాపం? ఒకనాడు వీపు గోడకు ఆనాక, ఇక జరగడానికి చోటు లేదని తేల్చుకుని తిన్నగా సారు గదిలోకి వెళ్ళింది. "హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినే నాటకం చేస్తాను సార్. వినేవాళ్ళకి మనుషులు నిజంగా తమ చుట్టూ తిరుగుతున్నట్టే ఉంటుంది" అంది. సారు మేడమ్‌ని అడిగొచ్చి సరే అన్నాడు. ఒప్పందం ఒక్కటే. నాటకం వాళ్ళిద్దరికీ నచ్చితే ఆమె ఇక నాటకాలే చేసుకోవచ్చు. నచ్చకపోతే జన్మంతా లిఫ్టులే.

ఇలాంటి నాటకానికి మైకు గాల్లో వేలాడదీస్తే కుదరదు. మనిషి తలలాంటి తల ఒకటి కావాలి, దానికి రెండు చెవులు కావాలి, ఆ చెవి రంధ్రాల్లో మైకులు కూర్చోవాలి. ఎందుకంటే శబ్దం ఎటు నుంచి వచ్చిందో మనకు చెప్పేది ఒక చెవి కాదు, రెండు చెవుల మధ్య తగువు. కుడివైపు చిటికేస్తే కుడిచెవికి ముందుగా, గట్టిగా వినిపిస్తుంది. ఎడమచెవికి తల అడ్డం కాబట్టి రవ్వంత ఆలస్యంగా, రవ్వంత మెత్తగా చేరుతుంది. ఆ తేడా చాలు, బుర్ర తీర్పు చెప్పేస్తుంది. శబ్దం ఎంత దగ్గరైతే ఎడమకీ కుడికీ అంత తేడా. అందుకే చెవి పక్కన దోమ మూలిగిందంటే, ఎంత నిద్రలో ఉన్నా సరిగ్గా ఆ చెంప మీదే కొట్టుకుంటాం. దోమ తప్పించుకుంటుంది, అది వేరే విషయం.

ఆ తలని సౌండమ్మాయి తన చేతులతోనే తయారు చేసింది. బట్టల షాపువాళ్ళు పారేసిన బొమ్మ తల ఒకటి తెచ్చి, దాని నున్నటి ఉత్తుత్తి చెవులు కోసి పారేసి, మెత్తటి రబ్బరు చెవులు అతికించింది. ఆ రబ్బరు చెవులకి అచ్చు ఎవరి దగ్గర తీసింది? లోకంలో అంత గొప్ప చెవులు ఇంకెవరికున్నాయి గనక! పళ్ళ డాక్టర్లు అచ్చు తీసే ముద్ద తెచ్చి, తన చెవుల్లోనే కుక్కుకుని, అద్దం ముందు బిగుసుకుని కూర్చుని తీసింది. తయారైన తలకి జుట్టు లేదు కాబట్టి గుండుగారు అని పేరు పెట్టింది.

నాటకంలో కథానాయకుడు వినేవాడే. అక్కతో పోట్లాడి ఏళ్ళ తరబడి మాట మానేసిన తమ్ముడు పాత వీధికి వచ్చి, పాత సెలూన్లో కూర్చుంటాడు. ముసలాయన కత్తెర ఆడిస్తూ కబుర్లు చెబుతుంటాడు. సగం క్రాపు అయ్యేసరికి తలుపు కిర్రుమంటుంది. అక్క నడుచుకుంటూ వచ్చి సరిగ్గా ఎదురుగా, ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడి, "ఇప్పటికైనా నా మొహం చూస్తావా?" అంటుంది. నాటకమంతా ఆ ఒక్క మాట కోసమే.

అక్క గొంతు సౌండమ్మాయిదే. ముసలాయన కోసం ఊరంతా వెతకనక్కర్లేకపోయింది. మేనమామకి సొంత సెలూన్ ఉంది, చేతిలో కత్తెర ఉంది, పొద్దున తెరిస్తే రాత్రికి గానీ మూతపడని నోరుంది. గుండుగారిని సెలూన్ కుర్చీలో పెట్టి, మెడకు తువ్వాలు చుట్టారు. మావయ్య లేని జుట్టును శ్రద్ధగా కత్తిరించాడు. "ఇంత కుదురుగా కూర్చున్న మనిషిని నా సర్వీసులో చూళ్ళేదే కోడలా!" అన్నాడు మధ్యలో. ఆ మాట కాస్తా రికార్డింగులో పడింది. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాల్సి వచ్చింది.

అంతా అయ్యాక సౌండమ్మాయి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది. కత్తెర కుడిచెవి పక్కన ఆడి, నుదుటి ముందుకొచ్చి, ఎడమవైపు జారిపోయింది. అక్క వచ్చి ఎదురుగా నిలబడింది. అది తన గొంతే అని తెలిసి కూడా సౌండమ్మాయికి ఒళ్ళు జలదరించింది. ఇంకేముంది, లిఫ్టుల పీడ వదిలినట్టే అనుకుంది.

మర్నాడు సారు తన చక్రాల కుర్చీలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కుడివైపు కత్తెర ఆడగానే కుడిభుజం ఎగరేశాడు. ఎడమవైపు ముసలాయన మెడ మీద వెంట్రుకలు ఊదితే ఎడమచెవి రుద్దుకున్నాడు. "ఓహో!" అన్నాడు. సౌండమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. అంతలో అక్క ప్రవేశించింది. సారు ఉలిక్కిపడి, కుర్చీతో సహా గిర్రున వెనక్కి తిరిగాడు.

మామూలు లోకంలో అయితే అలా తల తిప్పితే ముందేదో వెనకేదో తేలిపోతుంది. హెడ్‌ఫోన్ల లోకంలో తేలదు. ఆయనతో పాటే హెడ్‌ఫోన్లూ తిరిగాయి, హెడ్‌ఫోన్లతో పాటే అక్కా తిరిగింది. సారు మరో చుట్టు తిరిగాడు. ఇంకో చుట్టు తిరిగాడు. హెడ్‌ఫోన్ తీగ మెడకు బిగుసుకుని దగ్గు వస్తే ఆగాడు.

"బాగా భయపెట్టావమ్మాయ్. ఎవరా దయ్యం?"

"దయ్యం కాద్సార్, అక్క!"

"అక్కయితే వీపు వెనక నక్కి ‘నా మొహం చూస్తావా’ అంటుందేం?"

"వీపు వెనక కాదు సార్. మీ ఎదురుగా నిలబడి అంటోంది."

"నా వీపు నాకు తెలీదా?"

"మీరు సరిగ్గా వినడం లేదు సార్!"

అనకూడని మాట. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఆ పిల్ల, ఏం చేస్తాం. మళ్ళీ పెట్టింది. మళ్ళీ వెనకే అన్నాడు. కళ్ళు తెరుచుకుని వినమంది, వెనకే అన్నాడు. ఊపిరి బిగబట్టి వినమంది, అలా కూడా వెనకే. సారు హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి, మెడ నిమురుకుంటూ చెప్పాడు. "సోమవారం మేడమ్ వింటుంది. ఈలోపు ఆ దయ్యాన్ని ముందుకు లాక్కురా. లేదంటే చెరువంత హోటలొకటి కడుతున్నారట, దాన్నిండా లిఫ్టులేనట."

ఆ సాయంత్రం సౌండమ్మాయి గుండుగారిని చంకన పెట్టుకుని మేనమామ సెలూన్‌కి వచ్చింది. మావయ్య ఒకాయన గడ్డానికి సబ్బు రాస్తున్నాడు. బెంచీ మీద పేపరాయన ఉన్నాడు. ఈ పేపరాయన ఎన్నడూ క్రాపు చేయించుకోడు, పేపరు చదువుకోవడానికే వస్తాడు. ఆయన తల మీద కత్తిరించడానికేమీ మిగల్లేదు కూడా.

"మా సారుకి చెవులు పనిచెయ్యవు మావయ్యా" అంది.

"ఏదీ, ఇలా తే" అని మావయ్య సబ్బు చేత్తోనే హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. విన్నాడు. మొహం చిట్లించాడు. "నేను వీడి నెత్తి మీదెక్కి కత్తిరిస్తున్నానేమే?"

"నెత్తి మీదేంటి! ముందున్నావు!"

"లేదే, నెత్తి మీదే. నా కత్తెర నాకు తెలీదా?"

పేపరాయన కూడా పేపరు మడిచి తనకీ ఇమ్మన్నాడు. కాసేపు విని, గడ్డం కింద తడుముకుంటూ, "నాకైతే ఇక్కడెక్కడో కత్తిరిస్తున్నట్టుంది. ఆ ఆడమనిషి మాత్రం వెనక బెంచీ మీద కూర్చుని మాట్లాడుతోంది" అన్నాడు. సబ్బు నురగతో కూర్చున్నాయన తనని ఎవరూ అడగనందుకు నొచ్చుకున్నాడు.

ఒక్క కత్తెర, ముగ్గురికి మూడు చోట్ల వినిపించింది. సౌండమ్మాయి తల పట్టుకుంది. "ఇంతమందికి ఒకేసారి చెవులెలా చెడతాయి!"

"చెడటమేంటే, చెవులు ఎవరివి వాళ్ళవి" అన్నాడు మావయ్య, మళ్ళీ సబ్బు అందుకుంటూ. "నేను మొహాలు మర్చిపోతానుగానీ చెవులు మర్చిపోను. ఒకడి చెవి అప్పడంలా ఉంటుంది, ఒకడిది ఎండిన చిక్కుడుకాయలా ఉంటుంది. ఒకే మనిషికి కుడిచెవి ఒకలా ఎడమచెవి ఇంకోలా ఉంటుంది. అవి తెలియకపోతే కత్తెర పెట్టేదెలా? ఎప్పుడో కోసి చేతిలో పెట్టేవాణ్ణి."

ఆయన అలా చెప్పుకుపోతూనే ఉన్నాడు. సౌండమ్మాయి వినడం మానేసింది. ఒళ్ళో ఉన్న గుండుగారి చెవి వైపు చూసింది, అద్దంలో తన చెవి వైపు చూసింది. పై అంచున అదే వంపు, లోపల అదే గుంట.

ఎడమా కుడీ తేల్చడానికి రెండు చెవుల తగువు చాలు. కానీ శబ్దం సరిగ్గా ఎదురు నుంచి వచ్చినా, సరిగ్గా వెనక నుంచి వచ్చినా రెండు చెవులకీ ఒకేసారి చేరుతుంది. తగువే లేదు, ఇక తీర్పేముంది? అప్పుడు ఆదుకునేవి చెవి మడతలు. ఎదురుగా వచ్చిన మాట ఆ వంపుల్లో ఒకలా నలుగుతుంది, వెనకొచ్చిన మాట ఇంకోలా నలుగుతుంది. కింద నుంచి వచ్చిందీ పై నుంచి వచ్చిందీ కూడా అంతే. మన బుర్ర చిన్నప్పటి నుంచీ మన మడతలకే అలవాటు పడి ఉంటుంది. ఒకరి చెవుల్లో నలిగిన మాటని పట్టుకెళ్ళి ఇంకొకరి బుర్రకిస్తే అది తికమక పడుతుంది. ఇవన్నీ సౌండమ్మాయి చదువుకున్నవే. పుస్తకంలో ఉన్నది చదువుకుంది గానీ తన చెవులకి కూడా అది వర్తిస్తుందని మాత్రం అనుకోలేదు.

"అయ్యో మావయ్యా! గుండుగారికి పెట్టింది నా చెవులు! నా చెవులతో రికార్డు చేసి, నా చెవులతో విని, ఆహా ఓహో అనుకున్నాను. పరీక్ష రాసిందీ నేనే, దిద్దుకుందీ నేనే!"

"మరి మీ సారుకి సరిగ్గా వినపడాలంటే?"

"ఆయన చెవులే కావాలి. ఎక్కణ్ణుంచి తెస్తాను? ఇమ్మని అడిగితే ఇస్తాడా!"

మావయ్య కత్తిని గాల్లో ఆపాడు. ఆయన మొహంలోకి ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు వచ్చినప్పుడల్లా కుటుంబంలో ఎవరో ఒకరికి మూడుతుంది. "మీ సారు శనివారం క్రాపుకి నా దగ్గరికే వస్తాడు కదే పిచ్చిమొహమా!" అన్నాడు.

శనివారం సారు వచ్చేసరికి సౌండమ్మాయి సెలూన్ వెనక, తువ్వాళ్ళు ఆరేసే తెర చాటున నిలబడి ఉంది. మావయ్య మామూలుగా క్రాపు చేశాడు. తర్వాత సారు చెవుల వైపు జాలిగా చూసి నిట్టూర్చాడు.

"ఏంటయ్యా?" అన్నాడు సారు.

"ఏం లేదు లెండి. మొహానికి ఫేషియల్ చేయించుకుంటారు, చెవుల్ని మాత్రం గాలికొదిలేస్తారు. పెద్దపెద్దవాళ్ళంతా ఇప్పుడు చెవుల ఫేషియల్ చేయించుకుంటున్నారు. మీకెందుకులెండి."

‘మీకెందుకులెండి’ అన్న మాట ఎంతటివాణ్ణయినా పడగొడుతుంది. సారు వెంటనే చెయ్యమన్నాడు. మావయ్య దూది ఉండలు లోపల పెట్టి, రెండు చెవుల నిండా చల్లటి ముద్ద మెత్తాడు. "ఇది గట్టిపడేదాకా కదలకండి" అన్నాడు. అప్పటికే సారుకి ఏమీ వినపడటం లేదు.

చెవులు మూసుకుపోయినవాడికి తన గొంతు అదుపులో ఉండదు. సారు గుసగుసలాడుతున్నాననుకుని వీధి చివరిదాకా వినపడేలా మొదలుపెట్టాడు. "నీకో రహస్యం చెప్పనా? మీ కోడలు నాటకం నాకు నచ్చింది! ఆ దయ్యం ఒక్కటే బాలేదు! అయినా నాకు నచ్చి ఏం లాభం? మా ఆవిడ ఊఁ అనాలిగా! అసలావిడకి నామీదే కోపం, పిలిస్తే పలకనని! ఏం చెయ్యను, ఎప్పుడు చూసినా వెనక నుంచి పిలుస్తుంది! నేనేమో వీధిలో ఎవరో ఎవర్నో పిలుస్తున్నారనుకుంటాను!"

వీధిలో ఇద్దరు ఆగి లోపలికి తొంగిచూశారు. పేపరాయన పేపరు వెనక నవ్వాపుకోలేక వణికిపోతున్నాడు. తెర చాటున సౌండమ్మాయి తువ్వాలు నోట్లో కుక్కుకుంది. ముద్ద గట్టిపడ్డాక మావయ్య రెండు అచ్చుల్నీ పసిపిల్లల్ని ఎత్తినంత జాగ్రత్తగా తీశాడు. "చెవులు ఎంత తేలికయ్యాయో చూశారా?" అన్నాడు. "అబ్బ, గాలాడుతున్నట్టుందయ్యా!" అన్నాడు సారు. దూది తీస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది.

ఆదివారమంతా రబ్బరు చెవులు పొయ్యడం, అతికించడం, కొత్త చెవులతో నాటకం మళ్ళీ రికార్డు చెయ్యడంతో సరిపోయింది. సారు చెవులు పెట్టుకున్నాక గుండుగారి వాలకమే మారిపోయింది, కాస్త పెద్దరికం వచ్చింది. రాత్రి సౌండమ్మాయి విని చూసుకుంది. అక్క వచ్చింది, వెనక నిలబడింది. తను రాసుకున్న మాట, తను పలికిన మాట, ఇప్పుడు తనకే వీపు వెనక వినిపిస్తోంది. సొంత నాటకంలో పరాయిదాన్నయిపోయానని ఆ పిల్లకి ఏడుపొచ్చింది. అయినా ఏడవలేదు. లిఫ్టులు గుర్తొచ్చాయి.

సోమవారం సారు మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. అక్క వచ్చింది. సారు ఈసారి కుర్చీ తిప్పలేదు. మొహం కొంచెం వెనక్కి తీసుకుని, ఎదురుగా ఉన్న మనిషికి చోటిచ్చినట్టు కూర్చున్నాడు. కళ్ళు తడిశాయి. "వచ్చింది... ఎదురుగానే వచ్చింది! ఏమోయ్, నువ్వూ రా, విను!" అని పక్కగదిలోకి కేకేశాడు.

మేడమ్ వచ్చింది. విన్నది. హెడ్‌ఫోన్లు తీసి, "వెనక నుంచి ఎవరే ఆవిడ?" అంది.

"వెనకేంటి? ఎదురుగా!"

"వెనకండీ."

"ఎదురుగానోయ్! నేను చెవులారా విన్నాను!"

"మీరెప్పుడు విన్నారు గనక? నేను పెళ్ళయిన నాటి నుంచీ పిలుస్తుంటే ఒక్కసారి విన్నారా?"

మాట మాట పెరిగింది. నాటకం సంగతి పోయి, ఎప్పుడో పాలు పొంగిపోయిన సంగతి, బస్సు తప్పిపోయిన సంగతి బయటికొచ్చాయి. సౌండమ్మాయి గుండుగారిని పట్టుకుని గోడకి అతుక్కుపోయింది. ఉన్నట్టుండి మేడమ్ మాట ఆగిపోయింది. దగ్గరికొచ్చి, గుండుగారి చెవి తమ్మెని రెండు వేళ్ళతో పట్టుకుంది. తిప్పి చూసింది. రెండో చెవి చూసింది.

"ఇవి మా ఆయన చెవులు" అంది.

సారు గబుక్కున తన చెవులు తడిమి చూసుకున్నాడు, ఉన్నాయి.

"ఈ తమ్మె మీద గీత, ఈ సగం మడత... నేను గుర్తుపట్టలేననుకున్నావా? రోజూ పక్కన కూర్చుని చూసేది ఈ చెవినే. మనిషి ఎలాగూ ఇటు తిరగడు!"

సౌండమ్మాయి ఇక దాచలేకపోయింది. తన చెవుల సంగతి, చెవుల ఫేషియల్ సంగతి, అంతా చెప్పేసింది. సారుకి కోపం రావాల్సింది, కానీ ఆ చెవుల్ని గుండుగారి తలకి చూసుకుని కాస్త గర్వపడుతున్నట్టే ఉన్నాడు. మేడమ్ మాత్రం నవ్వలేదు.

"తెలివైనదానివే. కానీ ఇది ఆయన ఒక్కడికే వినపడే నాటకం. ఎవరికి వినిపిస్తావు దీన్ని? ఊళ్ళో ప్రతివాడి చెవులూ మీ మావయ్య అచ్చు తీస్తాడా? రేపు పొద్దున్నదాకా చూస్తాను. అందరికీ కుదిరే దారి ఉంటే చెప్పు. లేదంటే హోటల్ లిఫ్టులు మొదలుపెట్టు."

"ఊళ్ళో అందరివీ తీస్తాను, నాకేం భయమా!" అన్నాడు మావయ్య, సాయంత్రం ఆ మాట విని. మేనకోడలు మొహం చూసి తగ్గాడు. "సర్లే, కూర్చో. కొసలు కత్తిరిస్తాను. తల బరువు దిగితే బుద్ధి అదే పనిచేస్తుంది."

సౌండమ్మాయి కుర్చీలో కూలబడింది. మావయ్య తువ్వాలు కప్పి, దువ్వెన అందుకుని, తన ధోరణిలో పడ్డాడు. వాళ్ళమ్మ చిన్నప్పుడు ఎంత మొండిదో, ఆ మొండితనం ఎవరికి వచ్చిందో చెప్పుకుపోతున్నాడు. ఆమె అద్దంలోకి చూస్తూ ఊఁ కొడుతోంది. అద్దంలో మావయ్య మీసం కదులుతోంది, మాటలొస్తున్నాయి. చిరాకు పుట్టి కళ్ళు మూసుకుంది. మావయ్య గొంతు వీపు వెనక్కి వెళ్ళిపోయింది.

కళ్ళు తెరిచింది. గొంతు ముందుకొచ్చి మీసం కింద కూర్చుంది. మూసింది, వెనక. తెరిచింది, ముందు.

"కంట్లో నలుసు పడిందా?" అన్నాడు మావయ్య.

"మావయ్యా, నువ్వెక్కడున్నావు?"

"నీ వెనకే ఉన్నానే!"

"మరి నాతో ఎదురుగా మాట్లాడుతున్నావేం?"

"అద్దముంది కాబట్టి. సెలూన్లో ఎదురుగా నిలబడి ఎవడు మాట్లాడతాడే? వచ్చినవాడు వెనకే నిలబడి అద్దంలో చూసి మాట్లాడతాడు." 

సౌండమ్మాయి తువ్వాలుతో సహా లేచి నిలబడింది. సగం జుట్టు కత్తిరించి ఉంది, సగం లేదు. ఇన్నాళ్ళూ నాటకంలో కుర్చీ పెట్టింది, కత్తెర పెట్టింది, తలుపు కిర్రు పెట్టింది, అద్దం మాత్రం పెట్టలేదు. అద్దానికి చప్పుడుండదు కదా, చెవులున్నవాళ్ళు దాన్ని మర్చిపోతారు. అద్దం ఉందని ఒక్కమాట చెప్పేస్తే చాలు. అక్క ఎదురుగా వినిపించినవాడికి అద్దంలోంచి మాట్లాడుతుంది. వెనక వినిపించినవాడికి వెనక నిలబడి అద్దంలోకి చూస్తుంది. ఎవరి చెవులూ తప్పు కావు. తనవీ కావు, సారువీ కావు.

"మావయ్యా, ఒక్కమాట కొత్తది చెప్పాలి నువ్వు. ఒక్కటంటే ఒక్కటే!"

"నాకా? ఒక్కమాటా?" అని మావయ్య దిగులుపడ్డాడు.

మంగళవారం పొద్దున్న సారూ మేడమూ పక్కపక్కన కూర్చుని చెరో జత హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. నాటకం నడిచింది. కత్తెర ఆడింది. తలుపు కిర్రుమంది, అడుగులు దగ్గరికొచ్చాయి. ముసలాయన కత్తెర ఆపి, "తల కదపకు నాయనా. అద్దంలో చూడు, ఎవరొచ్చారో" అన్నాడు. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత అక్క అంది, "ఇప్పటికైనా నా మొహం చూస్తావా?"

సారు ఎదురుగా ఉన్న ఖాళీ గోడనే చూస్తున్నాడు. మేడమ్ కూడా ఆ గోడనే చూస్తోంది. ఎవరూ తల తిప్పలేదు.

"ఎదురుగా" అన్నాడు సారు.

"వెనక" అంది మేడమ్, చెంగుతో కళ్ళొత్తుకుంటూ. "వెనకే నిలబడింది, పాపం. వాడు అద్దంలో చూశాడు."

ఇద్దరూ ఒకరివైపొకరు చూసుకున్నారు. పెళ్ళయ్యాక మొదటిసారి కాబోలు, ఇద్దరిలో ఎవరిది తప్పో తేల్చాలని ఎవరికీ అనిపించలేదు.

మేడమ్ లేచి స్పాంజి గదిలోకి వెళ్ళింది. గుండుగారు అక్కడే, సారు చెవులతో కూర్చుని ఉన్నాడు. మైకులు తెరిచే ఉన్నాయి, వాటి తీగ సారు హెడ్‌ఫోన్లకే. బయట సారు ఇంకా హెడ్‌ఫోన్లు తియ్యకుండా కళ్ళు మూసుకుని ఉన్నాడు. మేడమ్ గుండుగారి ఎదురుగా వంగి, మెల్లగా, "ఏమండీ" అంది.

"ఆఁ, చెప్పవోయ్" అన్నాడు సారు వెంటనే, కళ్ళు తెరవకుండానే, ఎదురుగా చెయ్యి చాపి.

బయటికొచ్చేసరికి ఆమె మొహంలో నవ్వుంది. "ఒక్క పిలుపుకే పలికారు! అమ్మాయ్, నాటకం ఖాయం. లిఫ్టులకి ఇంకెవర్నైనా చూసుకుంటాం. కానీ నాదో షరతు. సెలవు రోజుల్లో ఆ తల మా ఇంట్లో ఉండాలి. కావాలంటే ఈయన్ని ఇక్కడ ఉంచుకో."

ఆ సాయంత్రం సౌండమ్మాయి లిఫ్టు ఎక్కింది. ఫలితం తెలుసుకోవడానికి వచ్చిన మావయ్య కూడా ఎక్కాడు. అద్దం తాను కనిపెట్టిందేనని, ఇక నాటకం పేరు పక్కన తన పేరు కూడా ఉండాలని పై అంతస్తు నుంచే మొదలుపెట్టాడు. లిఫ్టులో వెనక గోడకి నిలువెత్తు అద్దం ఉంది. అన్నాళ్ళూ ఆ అద్దానికి వీపు ఆనించి నిలబడిన మనిషి, ఇవాళ దానివైపు తిరిగింది. సగం పొట్టి, సగం పొడుగు జుట్టుతో తన మొహం కనిపించింది.

"తలుపులు మూసుకుంటున్నాయి" అంది నెత్తిమీద గొంతు.

సౌండమ్మాయి అద్దంలో చూస్తూ, చప్పుడు చెయ్యకుండా ఆ మాటలకి పెదవులు కలిపింది. గొంతు పైకప్పు వదిలి దిగొచ్చింది. అద్దంలో ఉన్న పిల్ల నోట్లోంచే వస్తోంది, తన గొంతు తనకి ఎదురుగా. ఇన్నాళ్ళూ ఎవరో పైనుంచి అరుస్తున్నారనుకున్న మాట ఇంత బాగుంటుందని ఆమెకి తెలీదు.

"దయచేసి లోపలికి జరగండి."

మావయ్య బుద్ధిగా లోపలికి జరిగాడు. ఆమె జరగలేదు.